రెంటచింతల ఎండలో చల్లని పెట్టె

మే నెలలో అమ్మతో నరసరావుపేట నుంచి మాచర్లకు, అటుపైన ఎత్తిపోతలకు, ఇల్లువంటి వ్యానులో ప్రయాణం తలపెట్టాము. అమ్మకు వాడవలసిన ఇన్సులిన్ సీసాలు, తెరవనంతకాలం, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మరి బండిలో ఏ ఫ్రిజ్ పెట్టించాలి?

గ్యాసు ఫ్రిజ్‌కు చప్పుడు లేదు, కరెంటు అక్కరలేదు. 1922లో స్వీడన్ విద్యార్థులు ప్లాటెన్, మంటర్స్ కనిపెట్టిన పద్ధతి అది. సన్నని మంటతోనే చల్లదనం పుడుతుంది! కాని బండి ఒరిగి నిలిస్తే లోపలి ద్రవం సరిగా పారదు; బయట వేడి ముదిరితే దాని సత్తువ తగ్గుతుంది. ఎండలకు పేరుమోసిన రెంటచింతలేమో మా దారిలోనే ఉంది.

కంప్రెసరు ఫ్రిజ్ బ్యాటరీని తినేస్తుంది. అయితే కాస్త ఒరిగినా పని మానదు. పైకప్పుమీద సౌరఫలకం బిగిస్తే, ఆ ఎండే బ్యాటరీని నింపుతుంది. అదే కొన్నాము.

గురజాల దాటి చెట్టుకింద ఆగి చూస్తే, లోపల 5 డిగ్రీలు!

అమ్మ నవ్వింది: "ఆ పెట్టె మందుకురా నాయనా! నాకు మాత్రం కుండలో నీళ్ళియ్యి."