మూలచిత్రము

విజయనగరమున గంటస్తంభమునకు సమీపమందలి పాత పుస్తకముల అంగడిలో, హాస్యపత్రికల దొంతర నడుమ, కాలవశమున పండుబారిన మందపు అట్టపై చిత్రకారుడు స్వహస్తమున లిఖించిన వ్యంగ్యచిత్రమొకటి నా చేతికి చిక్కిన దినమును నే నెన్నటికిని మఱువజాలను. నల్లసిరా గీతల క్రింద పెన్సిలు జాడలు, దిద్దిన చోట తెల్లరంగు పూత, అంచున “మూడంగుళములు” అని నీలిపెన్సిలుతో వ్రాసిన సూచన, ఇవన్నియు అచ్చులో అదృశ్యములై, ఇందు సజీవములై యున్నవి.

నాటి విశాఖపట్టణము జిల్లాలోని జయపురమున 1906లో జన్మించి, ‘భారతి’ పుటలలో తెలుగు వ్యంగ్యచిత్రమునకు శ్రీకారము చుట్టిన తలిశెట్టి రామారావుగారి గీతలను, 1921లో శ్రీకాకుళమున జన్మించి ‘చందమామ’ ముఖపత్రములకు వన్నె తెచ్చిన వడ్డాది పాపయ్యగారి వర్ణవిన్యాసమును మనము ప్రేమించితిమి. కాని మనలో పెక్కుమంది చూచినది అచ్చుప్రతిని మాత్రమే. అచ్చునకు వలయు జింకుదిమ్మె సిద్ధమగుటతోనే మూలచిత్రము పని తీరినదని తలంచుటచేత ఎన్ని చిత్రములు చెదలపాలైనవో! పాఠకుని నవ్వు క్షణికమైనను, దానిని పుట్టించిన చేతి శ్రమ క్షణికము కారాదు.

అందుచేతనే ఆ యట్టను పలుచని కాగితమున చుట్టి, తాతగారి టేకుపెట్టెలో, కర్పూరపు బిళ్ల ప్రక్కన, పదిలపఱచితిని.