పాత రంపం మిషన్‌కు వెల కట్టడం

నూజివీడు దగ్గర మాది ముదురు మామిడితోట. కాయ దిగిపోయాక కొమ్మలు కొట్టించే ఖర్చు మొదలవుతుంది. అందులో మిషన్ తెచ్చి కోసేవాడి వాటాయే ఏటా ఆరు వేలు. మిషన్ నేనే పడితే పెట్రోలు, ఆయిలు, చైను పదును పెట్టించడం కలిపి రెండు వేలు అనుకున్నా, నాలుగు వేలు మిగులుతాయి. పేరున్న కంపెనీ కొత్త చైన్ సా పాతిక వేలకు అటూఇటూ ఉంది. పాతదానికి నా లెక్క వేరు. రెండు సీజన్లలో తిరిగిరాని డబ్బు దానిమీద పెట్టను. అంటే అన్నీ కలిపి ఎనిమిది వేలు.

పక్క ఊరి పెద్దాయన తొమ్మిది వేలు చెప్పాడు. "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు బాబాయ్" అని ముందే ఫోన్లో అడిగాను. వేడెక్కిన ఇంజను తన రోగాన్ని దాచేస్తుంది. వెళ్లగానే సైలెన్సర్ మీద చెయ్యి పెట్టాను, చల్లగానే ఉంది. వెచ్చగా తగిలితే అక్కడే వెనక్కి తిరిగేవాణ్ణి.

పాత మిషన్‌లో మనం నిజంగా కొనేది బోరూ పిస్టనూ. మిగతావన్నీ మార్చుకోవచ్చు. స్విచ్ ఆపి తాడు పిడి పట్టుకుని మిషన్‌ను వేలాడదీశాను. కంప్రెషన్ ఉంటే ఆగి ఆగి దిగుతుంది, లేకపోతే జారిపోతుంది. (తేలిగ్గా స్టార్ట్ కావడానికి స్ప్రింగు, వాల్వు పెట్టిన మోడళ్లలో ఈ పరీక్షను నమ్మలేం.) తర్వాత సైలెన్సర్ విప్పించి, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ చూశాను. పైనుంచి కిందికి గీతలు పడి ఉంటే అది చచ్చిన ఇంజను కిందే లెక్క. ఈ రెండు స్ట్రోకుల ఇంజనుకు విడిగా ఆయిలు గది ఉండదు, పెట్రోల్లో కలిపిందే దానికి జిడ్డు. కంపెనీ ఆయిలైతే సాధారణంగా లీటరుకు 20 మి.లీ. కలుపుతారు. మన వైపు బండిలోంచి తీసిన పెట్రోలు ఉత్తదే పోసి కోసేసేవాళ్లు తక్కువేం కాదు. ఈయన పిస్టన్ నున్నగానే ఉంది. పెద్దాయన ఆయిలు డబ్బా చూపించకముందే ఆ సంగతి తెలిసింది.

తాడు మాత్రం చాలాసార్లు లాగాల్సి వచ్చింది. నేను భయపడలేదు. సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేయకుండా అటకెక్కించాడు. మన బంకుల పెట్రోల్లో ఇప్పుడు ఇథనాల్ 20 శాతం. నెలల తరబడి నిలవుంటే పాత గొట్టాలు, కార్బరేటర్ డయాఫ్రమ్ పాడవుతాయి. అవి చిన్న ఖర్చులు. స్టార్టయ్యాక ఐడ్లింగ్ దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటేనే అనుమానించాలి. ఎక్కడో గాలి లీకవుతోందంటే తర్వాత పోయేది పిస్టనే. ఇది నిలకడగా తిరిగింది. చైను తిరిగే బార్ కొనను పాత పేపరు మీదికి పట్టి రైజ్ చేస్తే చైను ఆయిలు చుక్కలు పడ్డాయి. బార్ గాడి మాత్రం అరిగిపోయింది, చైను పళ్లు కూడా ఆఖరికొచ్చాయి.

చైన్ బ్రేకు పనిచేసింది. అది పనిచేయకపోతే బేరమే లేదు. మిషన్ వెనక్కి తన్నిందంటే తగిలేది ముఖానికీ మెడకీ.

అక్కడే లెక్క చెప్పాను. బారూ చైనూ 2,200. గొట్టం, డయాఫ్రమ్, ప్లగ్గు 700. జాలీ ఉన్న హెల్మెట్, చేతితొడుగులు 1,100. ఈ చివరిది తన మిషన్ ధరలోంచి ఎందుకు తీస్తున్నానని పెద్దాయన గొణిగాడు, అదీ న్యాయమే. ఎనిమిది వేలల్లో పోగా మిగిలింది నాలుగు వేలు. చివరికి 4,200 దగ్గర తెగింది, ఆ రెండు వందలూ నేనే ఎక్కాను.

ఏడాదికి రెండు మూడు చెట్లు కొట్టించుకునేవాళ్లకు ఇదంతా దండగ, బాడుగే చవక. కొనక తప్పదనుకుంటే ముందు ఆ మోడల్ ఆయిలు పంపు, కార్బరేటర్ సామాను మీ దగ్గరి కొట్లో దొరుకుతాయేమో అడగండి. దొరకవంటే ఉచితంగా ఇచ్చినా తెచ్చుకోకండి.