పరుషాలు

2025 జూన్ 14, శనివారం

పొద్దున పాసింజరులో తెనాలి నుంచి బెజవాడ. పాప కిటికీ దగ్గర కూర్చుని దుగ్గిరాల దాకా ఆవుల్ని లెక్కపెట్టింది. లెక్కంటే ఏం లేదు, కనిపించిన ప్రతి ఆవునూ 'అమ్మా' అని పలకరించడం.

స్పీచ్ మేడమ్ చిన్న అద్దం తీసి పాప ముక్కు కింద పెట్టింది. 'మ' అన్నప్పుడు అద్దం మసకబారుతుంది, 'ప' అంటే తేటగా ఉండాలి. మా పాపకు రెంటికీ మసకే. అంగిలికి ఆపరేషనై ఏడాదైంది. చీలిక మూసుకుంది, పాలు ముక్కులోంచి రావడం ఆగిపోయింది. నేనింక అయిపోయిందనే అనుకున్నాను. అంగిలి వెనకవైపు మెత్తటి భాగం పైకి లేచి ముక్కుదారిని మూయాలట. అప్పుడే గాలి నోట్లో నిలిచి, పెదాలు విడగానే 'ప' పుడుతుందట. చీలిక పూడ్చడం డాక్టరు పని, దాన్ని వాడుకోవడం పాప నేర్చుకోవాల్సిన పని.

"నాన్న అని శుభ్రంగా అంటుంది కదండీ" అన్నాను, కాస్త గర్వంగానే.

"అది ముక్కుతో వచ్చేదే కదా సార్. అమ్మ, నాన్న, మామ, అన్నీ అంతే."

పాప నోట 'నాన్న' మొదటిసారి విన్ననాడు మా ప్రెస్సులో అందరికీ బెల్లం జిలేబీ పంచాను. ఇప్పుడు తిరిగిచ్చేయమంటే ఎవరైనా ఇస్తారా ఏమిటి!

జూన్ 16, సోమవారం

శుభలేఖ ప్రూఫు ముందు పెట్టుకుని పాప భాష రాసుకున్నాను. పాప అంటే 'మామ'. బువ్వ అంటే 'మువ్వ'. పప్పు 'మమ్ము'. తాత 'నాన'. అందుకే 'నాన' అని పిలిచినప్పుడల్లా మా నాన్నా నేనూ ఇద్దరం పలుకుతాం. కాకికి మాత్రం అక్షరం లేదు, గొంతులో 'ఆఇ' అని ఒక చిన్న నొక్కు.

హైస్కూల్లో తెలుగు మాస్టారు చేత్తో బల్ల చరుస్తూ వల్లెవేయించినవి గుర్తొచ్చాయి. క చ ట త ప, పరుషాలు. గ జ డ ద బ, సరళాలు. ఈ రెండు వరసలూ పాపకు మూసిన తలుపులే. వర్గం చివర ఉండే అనునాసికాలు మాత్రం బార్లా తెరిచి ఉన్నాయి. సంధి సూత్రాల కోసం తప్ప ఎందుకూ పనికిరావనుకున్న పాఠం, ఇరవై ఏళ్లుగా పెళ్లికార్డులు కంపోజు చేసేవాడికి ఇలా అక్కరకొచ్చింది.

జూలై 5, శనివారం

బూర ఊదించమని పక్కింటాయన, కొవ్వొత్తి ఊదించమని మా బావ. మేడమ్‌ని అడిగితే నవ్వింది. "ఊదితే ఊదడం వస్తుంది. 'ప' రావాలంటే 'ప' అనిపించాల్సిందే." కొన్న బూర మా నాన్న దగ్గరుంది. ఆయనే ఊదుతున్నాడు.

సెప్టెంబర్ 7, ఆదివారం

రాత్రికి సంపూర్ణ చంద్రగ్రహణం. మధ్యాహ్నం నుంచే గుళ్లు మూశారు. అమ్మ ఆవకాయ జాడీ మీదా నీళ్లబిందె మీదా దర్భలు వేసింది. చెల్లెలికి ఐదో నెల. కత్తిపీట దాచేసి, చెల్లెల్ని గదిలోంచి కదలనివ్వలేదు. పనిలో పనిగా పాప గురించి, "దీన్ని కన్నతల్లి గ్రహణం పూట ఏం కోసిందో ఏమో" అంది.

నాకు కోపమొచ్చింది. అమ్మ పాపని చంక దిగనివ్వదు. ఆపరేషను తర్వాత పాప నోట్లో వేళ్లు పెట్టుకోకుండా చేతులకు అట్టలు కట్టి ఉంచినన్నాళ్లూ, జావ పల్చగా కాచి కప్పుతో పట్టించింది ఆవిడే. ఆ మాట కూడా ఆవిడే అంది. గ్రహణం మొర్రి అని పేరు పెట్టినవాళ్లననాలి ముందు. కడుపులో ఆరేడు వారాలకే పెదవి, పన్నెండో వారంలోపు అంగిలి కలిసిపోతాయి. చాలామంది తల్లులు సంగతి తెలుసుకుని ఇంకా నలుగురికీ చెప్పని రోజులవి. ఎందుకు కలవలేదో చాలామంది విషయంలో ఎవరూ చెప్పలేరు. చెల్లెలి బిడ్డకు ఈపాటికి అవి కలిసే ఉంటాయి, కత్తిపీట దాచినా దాచకపోయినా.

కలెక్టరు సంతకంతో దత్తత ఉత్తర్వు చేతికొచ్చిన నాడు, అందులో మా ఇద్దరి పేర్లూ చూసుకుని మురిసిపోయాను. పాపని కన్న ఆ మూడో మనిషి ఎక్కడుందో, ఎవరో, నాకు తెలియదు. తెలియని మనిషి తరఫున అమ్మతో పోట్లాడాను. పదకొండింటికి చందమామ రాగి చెంబులా ఉంది. పాపని డాబా మీదికి తీసుకెళ్లి చూపించాను. "మామ" అంది. అది సరైన మాటే.

అక్టోబర్ 4, శనివారం

మేడమ్ పాప ముక్కు సుతారంగా నొక్కి 'మామ' అనమంది. 'బాబ' అని వినిపించింది! పాపే ఉలిక్కిపడి ఎవరన్నారా అని వెనక్కి చూసింది. ఇంటి దగ్గర రోజుకు ఐదు నిమిషాలు చాలు, విసిగించొద్దని చెప్పింది. నాలుగైదేళ్లు వచ్చాక కూడా గాలి ముక్కులోకి పోతుంటే మరో ఆపరేషను కావాల్సి రావచ్చని కూడా చెప్పింది. తిరుగు రైల్లో మా ఆవిడ కిటికీవైపే చూస్తూ కూర్చుంది.

నవంబర్ 13, గురువారం

రాత్రి పాప బొమ్మకు మువ్వ తినిపిస్తోంది. ఐదు నిమిషాల పాఠానికి అద్దం తీసుకుని దగ్గరకు జరిగాను. మొహం పక్కకు తిప్పుకుంది. ఇంకాస్త జరిగాను. రెండు చేతులతో నా ఛాతీ మీద తోసి, "పో!" అంది.

మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. మా నాన్న బూర పక్కన పెట్టాడు.

అద్దం ముక్కు కింద పెట్టాను. "పో" అంది మళ్లీ, ఇంకా కోపంగా. తేటగా ఉంది. లైటు కింద తిప్పి చూశాను, మసకే లేదు. పరుషమైన మాటే కావలసొచ్చింది పరుషం పలకడానికి.

'పాప' అనమంటే ఇంకా 'మామ' అనే అంటోంది. మేడమ్‌కి శనివారం చెప్పాలి. ఈలోగా నేను గడప దాటి బయటికి పోయాను, మళ్లీ వచ్చాను. పొమ్మంది. పోయాను. పదకొండుసార్లు పొమ్మనిపించుకుని, ఆ తర్వాతే అన్నానికి కూర్చున్నాను.