కలివి కోడి గుడ్లు చూసినోళ్లు మన పల్లెల్లో ఉన్నారా?

 

పోటీ పరీక్షల్లో కలివి కోడి అంటే ఒక బిట్టు. జవాబు, కడప జిల్లా శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం. మేము లంకమల కింద పల్లెలోళ్లమే అయినా, హాస్టల్ రూములో ముగ్గురం ఆ బిట్టే బట్టీ పట్టినాం. ఈసారి ఆగి చదివినాం.

పేరుకే కోడి. పొడవు 27 సెంటీమీటర్లు, పావురం కంటే చిన్నది. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, వాటి మధ్య తెలుపు. కంటిపైన తెల్లటి చార. ముక్కు పసుపు, కొన నలుపు. రాత్రి తిరిగే పక్షి కాబట్టి కళ్లు పెద్దవి.

1900 తర్వాత కనపడకపోతే ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో మళ్లీ దొరికింది. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఊరూరా బొమ్మ చూపించి అడిగితే, పట్టిచ్చింది రాత్రి వేటకు పోయే ఊరి మనిషే. ఆ పక్షి కొద్ది రోజులకే చచ్చిపోయింది.

దాని సంసారం గురించి మాత్రం పుస్తకాల్లో దాదాపు ఏమీ లేదు. గూడు ఒక్కటీ శాస్త్రవేత్తల కంట పడలేదు. ఉన్నది ఒకే గుడ్డు. 1917లో కోలార్ బంగారు గనుల దగ్గర సేకరించిందంట. స్కాట్లండ్‌లో అబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో ఉంటే 2013లో బయటపడింది, డీఎన్ఏ పరీక్షతో తేల్చినారు. ఎన్ని గుడ్లు పెడుతుంది, ఏ నెలలో, ఎన్ని రోజులు పొదుగుతుంది, ఏదీ రాసిలేదు. దీని చుట్టాలైన పక్షులు బోడి నేలమీదే గుడ్లు పెడతాయి. ఇదీ అంతే అయితే, పొదలు చదునుచేసే జేసీబీ కింద ఏం పోయిందో కూడా ఎవరికీ తెలీదు.

ఇండ్లకు ఫోన్ చేసి అడిగినాం. మా తాత ఒకాయన, "చూసినామంటే అడవిలో నీకేం పని అంటారు నాయనా, మనకెందుకు" అన్నాడు. కట్టెలకు పోతే దొంగల్లా చూసినోళ్లకు ఎవరు చెప్తారు? ఆయన తప్పు కాదు. కానీ మేము చదువుకొచ్చి అడవి దారి మర్చిపోయినాం. ఆయన తర్వాత చెప్పేవాళ్లు లేరు.

అందుకే సెలవులకు పోయినప్పుడు పెద్దోళ్లను అడగండి. ఏ కాలం, ఎట్లాంటి నేల, గుడ్డు రంగు. వాళ్ల మాటల్లోనే రాసుకోండి. చోటు పేరు మాత్రం గ్రూపులో పెట్టొద్దు, లైట్లేసుకోని వెతకొద్దు. రేపు ఎవరైనా పరిశోధనకు వస్తే మన పెద్దోళ్లను దారి చూపేవాళ్లుగా కాకుండా తెలిసినోళ్లుగా రాయించాల్సింది మనమే.