దీవిలోని యిల్లు, ధర్మవరములోని యిల్లు

అమెరికా తూర్పుతీరమున సింక్లేరువారని యొక కలిగిన కుటుంబము. వారికి సముద్రములో సొంతముగా నొక దీవియు, అందు ముసలాయనకు మేడయు, ముగ్గురు కూతుండ్రకు మూడిండ్లును గలవు. ఏటేట వేసవికి అందఱు నచ్చట గూడుదురు. పెద్దమనుమరాలు కేడెన్సు ఒక వేసవియందు ప్రమాదమునకు లోనై, అప్పటి సంగతులన్నియు మఱచిపోవును. మరల దీవికి వచ్చి యేమి జరిగినదని అడుగగా, ఇంటివారిలో నెవ్వరును నోరు మెదపరు.

సోదరీమణులారా, ఇది కల్పితకథయే. ఇ. లాక్‌హార్టు అను రచయిత్రి 2014లో ప్రకటించిన ‘వి వర్ లయర్స్’ నవలను బట్టి తీసిన టెలివిజను ధారావాహిక ఇది. 2025 జూను 18వ తేదీన ప్రైమ్ వీడియోలో ఎనిమిది భాగములుగా వెలువడినది. సెలవులకు హిందూపురమునకు వచ్చిన మా మేనకోడలు దీనిని చూచుచుండగా నేనును ప్రక్కన గూర్చుంటిని. యౌవనవయస్కులకై చేసిన కథయని అది చెప్పినది గాని, అత్తలును వదినలును చూడదగినదని నా తలంపు. ఆ రహస్యమేమో యిచట వ్రాయను. చూడదలచినవారి వేడుకను చెఱుపుట న్యాయము కాదు.

నన్నాకర్షించినది ఆ రహస్యముకంటె, దానిని కడుపులో దాచుకొన్న యింటి తీరు. ముసలాయన తన యాస్తిని ఎవరికి వ్రాయునో చెప్పడు. ఆ సందేహమనెడి త్రాటితో ముగ్గురు కూతుండ్రను బొమ్మలవలె ఆడించును. చదువుకొన్నవారు, పిల్లల తల్లులు, తండ్రి మెప్పునకై ఒకరినొకరు దిగద్రొక్కుకొందురు. వారి పిల్లలతో గూడ గాట్ అను భారతసంతతి బాలుడు వేసవులు గడపును. ఎన్నియేండ్లు వచ్చినను వాడా పెద్దాయన దృష్టిలో పరాయివాడే. నవ్వుచునే దూరముగా నుంచు విద్య ఒక్క అమెరికావారికే తెలియునా?

ఇట్టి కథకు అంతదూర మేగనక్కఱలేదు. హిందూపురమునుండి ధర్మవరమునకు రైలులో పోవునపుడు నడుమ పెనుకొండ వచ్చును. 1565లో విజయనగరము పాడయిన పిమ్మట ఆరవీటివారు ఆ కొండక్రిందనే రాజధాని నిలిపిరి. ఆ వంశపు రెండవ వేంకటపతిరాయలు మొదట పెనుకొండనుండియే యేలెను. ఆయన రాణులలో నొకతె గర్భము ధరించినట్లు నటించి, ఒక బ్రాహ్మణశిశువును దెచ్చి తన బిడ్డగా బెంచెననియు, రాజు ఎఱిగియు ఆమెమీది ప్రేమచే నూరకుండెననియు పోర్చుగీసు మతగురువు బరదాసు 1616లో లేఖ వ్రాసెను. 1614లో రాయలు మరణించుచు ఆ బాలుని గాక అన్నకొడుకు శ్రీరంగరాయలకు రాజ్యమిచ్చెను. గొబ్బూరి జగ్గరాజు బాలుని పక్షము బూని, శ్రీరంగరాయలను సకుటుంబముగా చెఱనుంచి చంపించెను. యాచమనాయకుడు ఒక చాకలిచేత బట్టలమూటలో దాటించిన రెండవకుమారుడు రాముడొక్కడు బ్రతికెను. ఆ రాణిని నిందించినవారు పెక్కండ్రు. బిడ్డలు లేని రాణికి ఆ యంతఃపురములో నేమి విలువ యుండెనో, ఏ భయమామెచేత ఆ పని చేయించెనో యడిగినవారిని నేను చూడలేదు.

ధారావాహిక ముగిసిన రాత్రి మా పిల్ల దీపమార్పక, “అత్తా, మన ధర్మవరపు ఇంట్లో అందఱి పటములూ ఉన్నాయి. పెద్దత్త పటము ఎందుకు లేదు?” అని యడిగెను.

మాది పట్టుచీరల వ్యాపారము. 1986లో ఆంధ్రప్రదేశమున చేసిన చట్టసవరణచే, 1985 సెప్టెంబరు 5 నాటికి పెండ్లికాని కూతుండ్రకు పిత్రార్జితమున కొడుకులతో సమానభాగము వచ్చెను. అప్పుడు ముఖ్యమంత్రి నందమూరి తారకరామారావుగారు. మా హిందూపురమునుండి శాసనసభకు ఎన్నికైనవారు. అప్పటికి నాకు పెండ్లి యైనది, అక్కకు కాలేదు. హక్కు వదలుకొన్నట్లు వ్రాలు చేయుమని పెద్దలు కాగితము దెచ్చిరి. అక్క చదివి, చేయనన్నది. కేకలు లేవు, కొట్లాటలు లేవు. ఆమె బెంగుళూరికి ఉద్యోగమునకు బోయెను. కొన్నినాళ్లకు గోడమీది పటము పోయెను. పేరెత్తరాదని ఎవ్వరును చెప్పలేదు గాని, ఎవ్వరును ఎత్తలేదు. నేను మాత్రము ఉత్తరములు వ్రాయుచునే యుంటిని. 2005లో కేంద్రచట్టము పెండ్లియైన కూతుండ్రకును ఆ హక్కు నొసగినప్పుడు అక్క, “ఇప్పుడు నీ వంతు” అని ఒక్క పంక్తి వ్రాసినది.

ఇదంతయు మా పిల్లకు చెప్పితిని. పిల్లలకేల యని మా వారన్నారు. అది పందొమ్మిదేండ్లది, రేపు దాని ముందఱను ఒక కాగితము పెట్టవచ్చును. కావున చెప్పితిని. అది యేడ్వలేదు, “పెద్దత్త నంబరు ఇవ్వు” అన్నది. మఱునాడు పెరటిలో గంటసేపు మాటలాడినది. అక్క మొదట దాని చదువునుగూర్చి యడిగెనట, పిదప మా యమ్మ చేయు ఓళిగలను గూర్చి.

ఇప్పుడా పిల్ల బెంగుళూరినుండి ఒక పటము దెచ్చుకొన్నది. దానిని ధర్మవరపు ఇంటిలో తాతగారి పటము ప్రక్కన తగిలింతు ననుచున్నది. మా యన్న కింకను తెలియదు. వదిన మాత్రము ఈ పత్రికను నెలనెలా తెప్పించుకొనుచున్నది.