పెళ్లికొడుకు బిగుసుకుపోయాడు

అక్క పెళ్లికి అమ్మమ్మ రాలేకపోయింది. తుంటి ఎముక విరిగి మంచం మీద ఉంది. ఫోన్‌లో లైవ్ చూపించే డ్యూటీ నాది. మండపంలో సిగ్నల్ అందక, సరిగ్గా తాళి కట్టే టైముకి కాల్ కట్టయింది. "పోన్లేరా, వీడియో వస్తుందిగా" అంది.

రెండు నెలలకి వీడియో పెన్‌డ్రైవ్‌లో వచ్చింది. లాప్‌టాప్ హైదరాబాద్‌లోనే వదిలేసి, శనివారం తెనాలి వెళ్లా. హాల్లో టీవీ వెనక నా పాత కంప్యూటర్ ఉంటుంది. బీటెక్ సెకండియర్లో నాలుగో తరం ఐ3 ప్రాసెసర్‌తో నేనే బిగించింది. ఇంట్లో సినిమాలన్నీ దాని మీదే. అమ్మమ్మని వీల్‌చైర్లో తెచ్చి టీవీ ముందు కూర్చోబెట్టి ప్లే కొట్టా.

సన్నాయి బాగానే వినిపిస్తోంది. బొమ్మే కదలదు. జీలకర్ర బెల్లం దగ్గర బావ చెయ్యెత్తి అలాగే ఉండిపోయాడు.

"ఏంట్రా, పెళ్లికొడుకు బిగుసుకుపోయాడు?" అంది అమ్మమ్మ. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కంప్యూటర్ల పని చేసే జీతం తీసుకుంటున్నాను మరి.

బజారుకెళ్లి కొత్త హెచ్‌డీఎంఐ కేబుల్ తెచ్చా. అదే తంతు. కేబుల్ పాడైతే బొమ్మ మొత్తం పోతుంది, లేదా చుక్కలొస్తాయి. ఇలా నత్తనడక నడవదు. ఈ ముక్క డబ్బులిచ్చాక గుర్తొచ్చింది. పెన్‌డ్రైవ్ స్లోనేమో అని ఫైల్‌ని హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేశా. వీఎల్‌సీ అప్‌డేట్ చేశా. ఊహూఁ. ఈలోపు అమ్మమ్మ కుర్చీలోనే నిద్రపోయింది.

రాత్రి పదింటికి టాస్క్ మేనేజర్ తెరిచా. మొదట చేయాల్సిన పని అదే! సీపీయూ 100 శాతం. గ్రాఫిక్స్‌లో వీడియో డీకోడ్ సున్నా. వీఎల్‌సీలో కోడెక్ వివరాలు చూస్తే: 4కే, హెచ్‌ఈవీసీ, 10 బిట్.

సంగతి అర్థమైంది. హెచ్‌ఈవీసీ ప్రమాణం 2013లో వచ్చింది. నా ప్రాసెసర్ తరమూ అదే ఏడాదిది. పాత హెచ్.264 వీడియోని విప్పడానికి అందులో ప్రత్యేక సర్క్యూట్ ఉంది గానీ, దీనికి లేదు. ఇంటెల్‌లో 10 బిట్ హెచ్‌ఈవీసీకి పూర్తి సపోర్ట్ ఏడో తరంలో వచ్చింది. అందుకే పాపం సీపీయూ ఒక్కో ఫ్రేమునీ ఒంటిచేత్తో విప్పుతోంది. సౌండ్ తేలిక కాబట్టి ముందుకెళ్లిపోతోంది. దాన్ని అందుకోలేని ఫ్రేముల్ని ప్లేయర్ వదిలేస్తోంది.

పెన్‌డ్రైవ్ నేరుగా టీవీకే పెడితే, ఈ ఫార్మాట్ ఆడదంది. అది పాత ఫుల్ హెచ్‌డీ టీవీ. అంటే 4కే ఫైల్ వేసినా అందులో కనిపించేది 1080పీనే! హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, 1080పీ హెచ్.264లోకి మార్చమని పెట్టా. రాత్రంతా ఫ్యాన్ రొద. నాన్న రెండుసార్లు లేచొచ్చి "ఇల్లు తగలబడదు కదా?" అని అడిగి వెళ్లారు.

పొద్దున ఏడింటికి అయింది. టిఫిన్ కూడా తిననీయకుండా అమ్మమ్మ కూర్చుంది. జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, అన్నీ సాఫీగా నడిచాయి. సీపీయూ వైపు ఓ కన్నేసే ఉంచాను, అలవాటు. అప్పగింతలు వచ్చాయి. అక్క చెయ్యి బావ చేతిలో పెడుతూ అమ్మ తల తిప్పుకుంది.

"ఆపు ఇక్కడ" అంది అమ్మమ్మ.

మళ్లీ ఏమైందోనని కంగారుపడ్డా.

"ఏం కాలేదురా. మీ అమ్మ మొహం కాసేపు చూడనీ."

స్పేస్‌బార్ నొక్కా.