నానీ కోసం ఒక డివిడి

మా నానీకి సలీమ్ అంటే దిలీప్ కుమార్ కాదు, అక్కినేని. 'మొఘల్-ఎ-ఆజమ్' వచ్చింది 1960లో. అంతకు అయిదేళ్ల ముందే, నికా అయిన కొత్తలో, నానా ఆమెని రేపల్లె నుంచి తెనాలి తీసుకెళ్లి తెలుగు 'అనార్కలి' చూపించారు. అంజలీదేవి అనార్కలి, ఎస్వీ రంగారావు అక్బర్ పాదుషా. ఆదినారాయణరావు బాణీలో జిక్కీ ఆవాజ్ రేడియోలో వినిపిస్తే, పాన్ చుడుతున్న నానీ చెయ్యి ఆగిపోయేది.

"ఇంట్లో మన జబాన్ ఉర్దూ. ఆ పాదుషాది తెలుగు! అయినా ఎంత షాన్‌గా మాట్లాడాడనీ!"

తెనాలిలో ఓ దుకాణంలో ఆ సినిమా విసిడి దొరికితే ఖుషీగా రేపల్లె పాసింజరెక్కాను. మొహల్లా ఆడవాళ్లంతా జమయ్యారు. బొమ్మ నిండా గీతలు, ఒకటే గరగర. సరిగ్గా నానీ ఎదురుచూస్తున్న పాట సగంలో తెగి, తర్వాతి సీనొచ్చేసింది.

"కరెంటు పోయిందా బేటా?" అంది. నానీకి అప్పటికే మోతీబిందు.

బాపట్లలో ఖాలా దగ్గర టీవీలోంచి రికార్డు చేసిన క్యాసెట్ ఉండేది. దానికి బూజు పట్టింది.

2004లో 'మొఘల్-ఎ-ఆజమ్'కి రంగులద్ది హాళ్లలో వేశారు. మాకు రంగులొద్దు. గీతలు తుడిచి, ఆవాజ్ సాఫ్ చేసి, పాటలు పూరాగా ఉంచి, అట్ట మీద పాడినవాళ్ల పేర్లు వేస్తే చాలు. ధర ఎంతైనా సరే.

ఒక కంటికి ఆపరేషన్ అయింది. ఫోన్ చేసినప్పుడల్లా "డివిడి ఆయా క్యా?" అంటుంది. "వచ్చే నెల, ఇన్షా అల్లా" అంటాను. మొన్నా అదే అన్నాను.